డిస్క్ క్యాషింగ్ (డేటాబేస్)

నిదానంగా నడిచే డేటాబేస్ క్వెరీ ఫలితాన్ని ఒకసారి లెక్కించి డిస్కు మీద దాచి, అదే క్వెరీ మళ్లీ వచ్చినప్పుడు నేరుగా అందించే పద్ధతి. అనేక పట్టికలను కలిపి లెక్కలు తేల్చే నివేదికలకు బాగా పనికొస్తుంది. ర్యామ్‌లో దాచిన దానికంటే నెమ్మదే అయినా, తక్కువ ఖర్చులో ఎక్కువ చోటు దొరుకుతుంది. సర్వర్ ఆగి మళ్లీ మొదలైనా ఫలితం చెరగదు.

క్వెరీ ఫలితాన్ని పట్టికలా దాచి ఉంచే 'మెటీరియలైజ్డ్ వ్యూ' దీనికి దగ్గరి రూపం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఇది 2013 నాటి 9.3 వెర్షన్‌తో వచ్చింది. మూల డేటా మారితే దాచిన ఫలితం పాతబడుతుంది కనుక, దాన్ని ఎప్పటికప్పుడు తాజా చేయాలి. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లోని క్వెరీ క్యాష్ మాత్రం మెమరీలో ఉండేది. పట్టికలో చిన్న మార్పు జరిగినా ఆ పట్టికకు సంబంధించి దాచిన ఫలితాలన్నీ రద్దయ్యేవి. 2018లో వెలువడిన 8.0 వెర్షన్‌లో ఈ క్యాష్‌ను తొలగించారు.