అతిథికి తగిలిన గాయం

అతిథిని దైవంగా భావించడం మన సంప్రదాయం. ఆ అతిథి మన యింట గాయపడితే బాధ్యత యెవరిది? ఈ ప్రశ్నకు ఆంగ్ల న్యాయశాస్త్రం చిరకాలం వింత సమాధానం చెప్పినది.

ఇంగ్లండులో ఒక చక్కెర శుద్ధిశాలకు గ్యాసు గొట్టాల పనిమీద వచ్చిన కార్మికుడు, కంచె లేని గోతిలో పడి గాయపడినాడు. పనిమీద వచ్చినవాని క్షేమానికి యజమాని తగు జాగ్రత్త వహింపవలెనని 1866లో న్యాయస్థానం తీర్పు చెప్పినది. విందుకు పిలిచిన మిత్రునికి మాత్రం అంత రక్షణ లేదు. తనకు తెలిసిన గుప్తాపాయాన్ని గూర్చి హెచ్చరిస్తే గృహస్థు విధి తీరినట్లే! 1957 నాటి చట్టం అక్కడ ఈ భేదాన్ని తొలగించినది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1963లో ఒక అద్దెయింటికి అతిథి వచ్చినాడు. స్నానాలగదిలో కుళాయి పింగాణీ పిడి విరిగి, అతని కుడిచేతి నరాలు తెగినవి. పిడి బీటవారినదని అద్దెకున్నామె ఎరుగును. యింటివారికి చెప్పినది, అతిథికి చెప్పలేదు. క్రింది కోర్టు దావాను కొట్టివేసినది. 1968లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చి, వచ్చినవాడు అతిథియా, వ్యాపారార్థియా అన్న భేదంపై బాధ్యత ఆధారపడరాదన్నది. బాధ్యతను నిర్ణయించేటప్పుడు బీమా లభ్యత, వ్యయం, వ్యాప్తి కూడా గమనింపదగినవని న్యాయమూర్తి పీటర్స్ వ్రాసినారు.

నేడు అమెరికాలో అద్దెదారుల బీమా, సామానులతోపాటు ఈ బాధ్యతను కూడా భరించడం పరిపాటి. బీమా నష్టపరిహారం చెల్లించగలదు. “ఆ పిడి పగిలినది, జాగ్రత్త” అన్న మాట మాత్రం యింట నున్నవారే చెప్పవలె.