గ్రామపు టెన్నికలు – లెక్క యడుగు హక్కు

ఈ వార్షిక మహాసభ సంచికకు గ్రామపంచాయతుల యెన్నికల చరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని సంఘకార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో నుపాధ్యాయత్వము నెరపి, 1988 మొదలు 2013 వఱకు జరిగిన పంచాయతి యెన్నికలలో ఓటుపెట్టెల చెంత గూర్చున్నవారము. కావున శాసనములవలన దెలిసినదానికి గన్నులార జూచినదానిని జోడించి విన్నవించుచున్నారము. పూర్వులను బొగడుటకే చరిత్రము చెప్పినచో నది వందిమాగధుల పని యగును. మన తప్పును మనము తెలిసికొనుటకు జెప్పినపుడే యది చరిత్రమగును.

కాంచీపురమునకు సమీపమున నుత్తరమేరూరను గ్రామము గలదు. అచ్చటి వైకుంఠపెరుమాళ్ల యాలయపు గోడలపై మొదటి పరాంతకచోళుని కాలమునాటి రెండు శాసనములున్నవి. అవి 919, 921 సంవత్సరములవి. గ్రామమును ముప్పది వాడలుగా విభజించి, ప్రతి వాడలోను అర్హులైనవారి పేళ్లను తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, లోపలనున్న దేమియో యెఱుగని బాలునిచేత నొక్కొక యాకును దీయించెడివారు. ఆ యాకును మధ్యస్థుడు అయిదువ్రేళ్లును విప్పిన యరచేతిలో నందుకొని యెల్లరు వినునట్లు చదువవలెను. చేతిలో మఱియొక యాకు దాగియుండరాదని యీ కట్టుబాటు! ఇట్లేర్పడినవారిలో బండ్రెండుగురు సంవత్సర వారియము, బండ్రెండుగురు తోటవారియము, ఆర్గురు చెఱువువారియము నిర్వహించెడివారు.

ఆ శాసనములలో మమ్మత్యంతము నాకర్షించినది కుండయుగాదు, బాలుడునుగాదు. పూర్వము వారియములో నుండి లెక్క చెప్పనివాడు మఱల నర్హుడు కాడు. వాడొక్కడే కాదు; వాని దగ్గఱి బంధువులకును నర్హత లేదు. గడచిన మూడేండ్లలో బదవి ననుభవించినవాని పేరును కుండలో వేయరాదు. వేయియేండ్లకు పూర్వమే మనవారు బంధుత్వము లెక్కలను మ్రింగునని యెఱిగి, దానికి గట్టు గట్టిరి.

అయినను సత్యమును దాచరాదు. అది బ్రాహ్మణ గ్రామసభ. సొంత భూమియు, సొంత స్థలమున నిల్లును, వేదజ్ఞానమును గలిగి, ముప్పదియైదేండ్లకు మీఱి డెబ్బదియేండ్లకు లోబడిన పురుషునికే యందు స్థానము. ఈ సంచికను జదువు మనలో బెక్కండ్రకును, మన యిండ్ల స్త్రీల కందఱకును నా కుండలో నాకు లేదు. కావున నుత్తరమేరూరునుండి మనము గ్రహింపదగినది లెక్క చెప్పు ధర్మమేకాని, యోటు హక్కు గాదు. ఓటు హక్కు మనకు వేఱుదారిని, మిక్కిలి యాలస్యముగా వచ్చినది.

ఇంగ్లీషు ప్రభుత్వకాలమున రిప్పన్ ప్రభువు 1882 మే 18వ తేదీని స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానమును వెలువరించెను. దాని ననుసరించి 1884లో మద్రాసు రాజధానియందు స్థానిక బోర్డుల చట్టము పుట్టినది. జిల్లాబోర్డు, తాలూకాబోర్డు, కొన్ని గ్రామములను గలిపిన యూనియను పంచాయతి యని మూడంతస్తు లేర్పడినవి. అయినను యూనియనులలో సభ్యులు చాలవఱకు నియమితులే. గ్రామమునసబు తన యుద్యోగమువలననే సభ్యుడు. 1920లో స్థానిక బోర్డులకును, గ్రామపంచాయతులకును వేర్వేఱు చట్టములు వచ్చినవి. ఆ యేడే యేర్పడిన మంత్రివర్గమున స్థానిక స్వపరిపాలనశాఖను మన తెలుగువాడైన పానగల్లు రాజాగారు, పానగంటి రామరాయణింగారు, వహించిరి. బోర్డులలో బన్ను కట్టువానికే పలుకుబడి. పన్ను కట్టవలసినంత యాస్తి లేనివాడు దూరముననే నిలిచియుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 నవంబరులో రాజ్యాంగసభయందు గ్రామమును గూర్చి గొప్ప చర్చ నడచినది. గ్రామము సంకుచితత్వమునకు నిలయమని డాక్టరు అంబేద్కరుగారు కఠినముగా వాదించిరి. ప్రకాశంపంతులుగారు, రంగాగారు మొదలైన మనవారు గ్రామము పక్షమున నిలిచిరి. తుదకు బంచాయతుల నేర్పఱుపవలెనను నలువదవ యధికరణము రాజ్యాంగమున జేరినది. ఇరుపక్షములలోను సత్యము గలదని మా యభిప్రాయము. గ్రామము తన్ను దాను పాలించుకొనగలదనుట నిజము. పాలించు చేతు లెవ్వరివని యడుగుటయు నిజమే.

ఆ ప్రశ్నకు 1992లో డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణము సమాధానము చెప్పినది. అది 1993 ఏప్రిలు 24వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. అయిదేండ్ల కొకమాఱు ఎన్నిక. దానిని నడపుటకు బ్రత్యేకముగా రాష్ట్ర ఎన్నికల సంఘము. షెడ్యూల్డు కులములకును దెగలకును జనసంఖ్య ననుసరించి స్థానములు. మూడవవంతునకు దక్కువగాకుండ స్త్రీలకు స్థానములు. ఇరువదియొక్క యేండ్లు నిండి, తన పంచాయతి యోటర్ల పట్టికలో బేరుగల యెవ్వరైనను, చట్టము చెప్పిన యనర్హతలు లేనిచో, నిలువవచ్చును. వేదము రాకున్నను, భూమి లేకున్నను, తాటాకు మన చేతికి వచ్చినది.

వచ్చినదానిని మన మేమి చేసితిమి? ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది.

2001వ సంవత్సరపు టెన్నికలలో మా స్వగ్రామమున మన కులమువారి వాడకు జెందిన వార్డుసభ్యత్వమునకు గులపెద్దలు రామమందిరమున గూర్చుండి వేలముపాట పెట్టిరి. పాడుకొన్నవాడు మందిరపు పైకప్పునకు సొమ్మియ్యవలెను. తక్కినవారెవ్వరును నామపత్రము వేయరాదు. ఆ యొడంబడిక కాగితమును వ్రాసినది మేమే. సర్కారు కొలువులో నుండి యట్టి పనికి బూనుకొనుట తగదని యెఱిగియు, గులమునకు గీర్తియని వ్రాసితిమి. ఆ రాత్రి మన వాడలోని యొక విధవరాలు మా యింటికి వచ్చినది. బడిలో మా యొద్ద జదువుకొన్న పిల్లయే. “మేస్టరుగారూ, నాకొక నామినేషను కాగితము నింపిపెట్టండి, మన వీథి కాలువ సంగతి నేను చూచుకొందును” అని యడిగినది. “అమ్మా, పెద్దల మాట మీఱవద్దు” అని చెప్పి పంపివేసితిమి. ఆమె మాఱుమాటాడక వెడలిపోయినది.

మందిరమునకు గప్పు పడినది. కాలువ మాత్రమట్లే యుండెను. రెండేండ్ల తరువాత వర్షాకాలమున మురుగు ఇండ్లలో జొచ్చినపుడు మేమే పోయి యా సభ్యుని కాలువకు వచ్చిన సొమ్మెంతయని యడిగితిమి. అతడు నవ్వి, “మేస్టారూ, నేను సొమ్ము పోసి కొనుక్కొన్నాను, కాగితము మీరే వ్రాసితిరి గదా!” యనెను. మాకు నోరు పెగలలేదు. కొన్నవానిని లెక్క యడుగుట కమ్మినవానికి నోరెక్కడిది? ఉత్తరమేరూరు శాసనమును బిల్లలకు బోధించిన మా కా మాట యర్థమైనది యా దినముననే.

ఏకగ్రీవము లన్నియు దోషములని మేమనుట లేదు. జనులు మనసార నొక్కని గోరినచో నంతకన్న నేమి కావలెను? ఏకగ్రీవమైన పంచాయతులకు బ్రభుత్వములే ప్రోత్సాహక ధనము నిచ్చినవి. అయితే నోరు మూయించి తెచ్చిన యైకమత్యము వేఱు. 2021 జనవరిలో మహారాష్ట్రమున నాశిక్ జిల్లా ఉమ్రాణేలోను, నందుర్బార్ జిల్లా ఖోండామళిలోను సర్పంచి పదవికి వేలము జరిగినదని తేలి, యచ్చటి యెన్నికల సంఘము ఆ గ్రామముల యెన్నికలనే రద్దుచేసెను. కావున నిది మన యొక్క యూరి రోగము గాదు.

ఎన్నిక లేకుండుటయు నట్టి రోగమే. ఆంధ్రప్రదేశమున 2013 జూలైలో నెన్నికైన పంచాయతుల గడువు 2018 ఆగష్టులో ముగియగా, మఱల నెన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. నడుమ బ్రత్యేకాధికారులు పాలించిరి. వారిని మన మెన్నుకొనలేదు. కావున దింపనును లేము.

ఇక మన సంఘమును గూర్చి. సభలు చేసి, మనవారి కిన్ని స్థానములు కావలెనని యడుగుట న్యాయమే. చిరకాలము వాకిట నిలిపినవారి నడుగవలసినదే. కాని యోటు వ్యక్తిది. కులము దానికి యజమాని గాదు. గులాబి రంగు కాగితము సర్పంచికి, దెల్లకాగితము వార్డుసభ్యునికి. ఆ రెండును మడిచి పెట్టెలో వేయు క్షణమున నచ్చట కులపెద్దయు లేడు, మగడును లేడు, మేస్టరును లేడు. ఆ తెరచాటున జొరబడుటకు మన కెవ్వరికిని నధికారము లేదు.

కావున నీ మహాసభ రెండు తీర్మానములు చేయవలెనని మా మనవి. మొదటిది: మన వాడలలో బదవుల వేలమునకు సంఘము గాని, కులపెద్దలు గాని పూనుకొనరాదు; నిలువదలచిన స్త్రీ నెవ్వరును వారింపరాదు. రెండవది: మన కులమున నెన్నికైన ప్రతి సభ్యుడును ఏటేట సంఘపు సభలో నిలిచి తన పంచాయతి జమాఖర్చులను జదివి వినిపింపవలెను. పరుల లెక్క నడుగుటకు ముందు మనవాని లెక్క నడిగిన కులమునకే గౌరవము.

ఆ విధవరాలు 2006లో మఱల నిలువలేదు. మేమే పోయి యడిగితిమి. “ఇక నేల, మేస్టరుగారూ?” యనినది. ఈ వ్యాసమున కామె మాటయే కారణము. ఈ సంచిక నామె కొమార్తె చదువుననియు, రాబోవు టెన్నికలో నామపత్రము నింపుటకు మా యింటికి వచ్చుననియు నాశించుచున్నారము. కలము సిద్ధముగా నున్నది.