కరాచీ బేకరీలో ‘కరాచీ’ ఎందుకుంది?

"మోజంజాహీ మార్కెట్‌కి వెళ్తే ఏం తినాలి బ్రో?" అని చాలామంది అడుగుతారు. లోకల్‌గా నా ఒపీనియన్ చెప్తా.

సాయంత్రం వెళ్లండి. ఫస్ట్ ఆ రాతి బిల్డింగ్, దాని క్లాక్ టవర్ చూడండి. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1935లో కట్టారు. ఆయన రెండో కొడుకు మోజం జా పేరే దానికి పెట్టారు. లోపల ఫేమస్ ఐస్‌క్రీమ్ ఉంటుంది. సీజన్ అయితే సీతాఫలం ఫ్లేవర్ అస్సలు మిస్ కావద్దు.

తర్వాత దగ్గర్లోనే ఉన్న కరాచీ బేకరీకి వెళ్లండి. ఫ్రూట్ బిస్కెట్లకి నా ఓటు. ఉస్మానియా మాత్రం ఇరానీ కేఫ్‌లో, చాయ్‌లో ముంచుకునే తినాలి!

మరి మన హైదరాబాద్‌లో కరాచీ పేరేంటి? ఈ బేకరీ పెట్టిన ఖాన్‌చంద్ రామ్నానీ సింధీ. 1947 దేశ విభజనలో సొంతూరు కరాచీ వదిలేసి ఇండియాకి వచ్చేశారు. 1953లో ఇక్కడ షాపు తెరిచారు. తిరిగి వెళ్లలేని ఊరిని బోర్డు మీద రాసుకున్నారు.

2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు బ్రాంచ్ ముందు కొందరు గొడవ చేస్తే, బోర్డు మీద ‘కరాచీ’ అన్న మాటని కప్పేయాల్సి వచ్చింది. ఆలోచించండి. ఆ పేరు పెట్టింది విభజనలో ఊరు పోగొట్టుకున్న మనిషి. ఆయన మీదే డౌటా?

అమెరికాలో మనవాళ్లు హోటల్‌కి ‘హైదరాబాద్’ అని పెట్టుకుంటే మనం మురిసిపోతాం కదా. ఇదీ అంతే. కాకపోతే వాళ్లకి రిటర్న్ టికెట్ ఉంది, ఆయనకి లేదు.

ఈసారి బిస్కెట్ డబ్బా కొన్నప్పుడు ఒక్కసారి ఆ పేరు చదవండి.