పరిహారం అందని తరం

చేదు మాత్రకు చక్కెర పూసి మింగించడం అని ఇంగ్లీషువారు అంటారు. బ్రిటన్ ఉక్కు చరిత్ర చూస్తే, ఆ దేశం ఈ పనికి చట్టాలే చేసిందని తెలుస్తుంది. ఉద్యోగం పోయినవారికి సర్వీసును బట్టి డబ్బు చెల్లించాలని 1965లోనే చట్టం వచ్చింది. 1967లో పెద్ద ఉక్కు కంపెనీలను జాతీయం చేసి బ్రిటిష్ స్టీల్‌గా కలిపారు. మూసివేతలతో దెబ్బతినే ఊళ్లలో కొత్త ఉపాధి కోసం 1975లో బ్రిటిష్ స్టీల్ ఒక అనుబంధ సంస్థనే పెట్టింది. ఇంత ఏర్పాటు ఉండగానే 1980లో ఈశాన్య ఇంగ్లండ్‌లోని కాన్‌సెట్ కర్మాగారం మూతపడి, దాదాపు 3,700 ఉద్యోగాలు పోయాయి. కార్మికులకు పరిహారం అందింది. అయినా నిరుద్యోగం దేశంలోనే తీవ్రంగా ఉన్న ఊళ్లలో కాన్‌సెట్ ఒకటయింది. ఎందుకంటే పరిహారం ఆ రోజు ఉద్యోగంలో ఉన్నవారి లెక్క తేల్చింది; ఆ గేటులోంచి రేపు లోపలికి వెళ్లాల్సిన పిల్లల లెక్క ఎవరూ వేయలేదు.

నష్టాలొచ్చే కొలిమిని ఎన్నాళ్లు మండించగలం, ఉత్తచేతులతో పంపేకంటే పరిహారం ఇచ్చి పంపడం నయం కదా అని అడగవచ్చు. నిజమే, పరిహారం కార్మికుల హక్కు, దాన్ని వద్దనకూడదు. కానీ కొత్త పని మొదలయ్యాక పాతది ఆపడం వేరు, పాతది ఆపేసి కొత్తదాని కోసం కూర్చోబెట్టడం వేరు. వేల్స్‌లో, విశాఖలాగే రేవూ ఉక్కూ ఉన్న పోర్ట్ టాల్బాట్‌లో, 2024 సెప్టెంబరు 30న చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆగింది. దాని బదులు టాటా స్టీల్ పెడుతున్న విద్యుత్ కొలిమికి ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ప్రకటించింది. బాధితుల కోసం 10 కోట్ల పౌండ్ల నిధి కూడా ఏర్పాటైంది. అయితే ఆ కొలిమి వెలిగేది 2027 చివరికో, ఆ తర్వాతో. పైగా దానికి అంతమంది మనుషులు అక్కర్లేదు.

విశాఖ దీన్ని జాగ్రత్తగా చదువుకోవాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో తన పూర్తి వాటా అమ్మాలని 2021 జనవరి 27న నిర్ణయించిన కేంద్రమే, దాన్ని నిలబెట్టడానికి 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. అది అవసరమైన సాయమే. కానీ సొంత ఇనుప గనులు లేకపోవడమనే పాత లోటు అలాగే ఉంది. స్వచ్ఛంద విరమణతో ఖాళీ అయిన కుర్చీలో మళ్లీ ఎవరు కూర్చుంటారో ప్యాకేజీ చెప్పదు. కర్మాగారానికి భూములిచ్చి పునరావాస కార్డు (ఆర్-కార్డు) పట్టుకున్న నిర్వాసితుల్లో ఎందరికో ఉద్యోగం నేటికీ రాలేదు. బ్రిటన్‌లా సంక్షేమ వ్యవస్థ లేని మన దగ్గర తర్వాతి తరానికి పని ఏదన్న ప్రశ్న మరింత గట్టిగా అడగాలి. అందుకే కార్మిక సంఘాలు విరమణ మొత్తం ఎంతన్నదానితో ఆగకూడదు. గనుల కేటాయింపు, శాశ్వత నియామకాలు, నిర్వాసితుల ఉద్యోగాలు తేదీలతో సహా రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.