పటం మారినా మారని పేర్లు

తపాలా శాఖలో మూడు దశాబ్దాలు ఉత్తరాలు వేరుచేసినవాణ్ణి కావడంవల్ల ఊళ్ళ పేర్లంటే నాకు ఆసక్తి ఎక్కువ. రిటైరయ్యాక చదివిన చరిత్ర పుస్తకాలలో హంగరీవారి అలవాటొకటి నన్ను ఆకట్టుకున్నది. పరదేశపు ఊళ్ళను చాలావాటిని వారు తమ పాత పేర్లతోనే పిలుస్తారు. వియన్నా వారికి ‘బేచ్’. వెనిస్ ‘వెలెన్‌త్సె’. జర్మనీలోని లైప్జిగ్ ‘లిప్చె’. మనుషులనూ వదలలేదు లెండి! ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్‌ను ఇంటిపేరు ముందుపెట్టి ‘వెర్న్ ద్యులా’ అన్నారు.

బేచ్ అన్నందుకు వియన్నావాసులు నొచ్చుకోరు. కాని స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాను ‘పోజోన్’ అంటే అక్కడ కొందరికి గుచ్చుకుంటుంది. దీనికి కారణముంది. తురుష్కుల దండయాత్రల కాలంలో, 1536లో, ఆ ఊరు హంగరీ రాజధాని అయింది. 1783 దాకా అలాగే ఉన్నది. 1563 నుండి 1830 వరకు హంగరీ రాజుల పట్టాభిషేకాలు చాలావరకు అక్కడి సెయింట్ మార్టిన్ చర్చిలోనే జరిగాయి. అదే ఊరిని జర్మన్లు ప్రెస్‌బుర్గ్ అనేవారు, స్లొవాకులు ప్రెష్‌పొరోక్ అనేవారు. బ్రాటిస్లావా అన్న అధికారనామం 1919లో వచ్చింది. మరుసటి సంవత్సరం జూన్ 4న ట్రియనాన్ సంధితో పాత హంగరీ రాజ్యం మూడింట రెండు వంతులకు పైగా భూభాగాన్ని పోగొట్టుకున్నది. సుమారు 30 లక్షలమంది హంగేరియన్లు ఇల్లు కదలకుండానే పరదేశస్థులయ్యారు.

చిత్రమేమిటంటే, తగవుపడే పేర్లలో కొన్నిటికి అర్థం ఒక్కటే. రుమేనియాలోని తర్గు మురెష్‌ను హంగేరియన్లు ‘మరోష్‌వాషార్‌హెయ్’ అంటారు. రెండిట్లోనూ ఉన్నవి ఒక నది పేరు, ఒక సంత! బెల్‌గ్రేడ్ అంటే సెర్బుల భాషలో తెల్లని ఊరు. హంగేరియన్ల పాతపేరు ‘నాందోర్‌ఫెహేర్వార్’లో ‘ఫెహేర్’ తెలుపు, ‘వార్’ కోట. ఈ పేరును మాత్రం ఇప్పుడు 1456 నాటి ముట్టడి వంటి పాత సంగతులకే వాడి, మామూలుగా బెల్‌గ్రాద్ అంటున్నారు.

నాకు తోచినంతవరకు, అమ్మ నోట విన్న పేరు పలకడం రాజ్యం కోరడం కాదు. అయితే సరిహద్దు తగవు రగులుతున్నప్పుడు అదే పేరు హక్కుపత్రంలా వినిపిస్తుంది. మద్రాసు మనదేనని 1953కు ముందు నినదించిన తరానికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆనాడు ‘చెన్నపట్నం’ అనడం వేరు, ఈనాడు మన ఇళ్ళలో అనడం వేరు.

అక్కడ మాత్రం చిక్కులు ఈ మధ్యవరకూ సాగాయి. 2008లో స్లొవేకియాలోని హంగేరియన్ బడిపిల్లల పుస్తకాలలో ఊళ్ళ పేర్లు స్లొవాక్‌లోనే అచ్చువేయగా పెద్ద గొడవయింది; తరువాత చట్టం సవరించి రెండు పేర్లూ వేయించారు. రుమేనియాలో 2001 నాటి చట్టం ప్రకారం అల్పసంఖ్యాకులు జనాభాలో 20 శాతం దాటిన ఊళ్ళలో వారి భాషలోనూ బోర్డు పెట్టాలి. హంగేరియన్లు ‘కొలోజ్‌వార్’ అనే క్లూజ్ నగరంలో వారి సంఖ్య అంతకు తగ్గింది. అందువల్ల అక్కడ ఆ బోర్డు కోసం కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. చివరకు 2017లో ఊరి పొలిమేరలో కొలోజ్‌వార్ అన్న పేరు కూడా రాశారు.