పుల్లరి నుంచి కూలి దాకా: పలనాటి సత్యాగ్రహం, ‘మాలపల్లి’

మాచర్ల పక్కగా పారే చంద్రవంక ఎత్తిపోతల దగ్గర డెబ్బయి అడుగుల ఎత్తునుంచి లోయలోకి దూకి, మరికొంత దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. వచ్చినవారు జలపాతం చూసి వెళ్ళిపోతారు. చుట్టూ ఉన్న అడవిలో చూడదగినదంటూ ఏమీ లేదు: రాతిగుట్టలు, ముళ్ళపొదలు, ఎండాకాలం వస్తే పచ్చని ఆకు కూడా అరుదు. కాని 1921లో పలనాడు ఇటువంటి అడవికోసమే తిరగబడింది. తెలుగులో గ్రామజీవితాన్ని అడుగునుంచి చూపిన మొదటి గొప్ప నవల వ్రాసిన మనిషిని జైలుకు పంపింది కూడా ఆ పోరాటమే.

ఆ మనిషి ఉన్నవ లక్ష్మీనారాయణ, ఆ నవల ‘మాలపల్లి’. రెండింటిని గురించి మన సాహిత్య చరిత్రలలో కావలసినన్ని పుటలున్నాయి. అయితే పుల్లరి సత్యాగ్రహాన్ని చరిత్ర మాస్టారుకూ, ‘మాలపల్లి’ని తెలుగు మాస్టారుకూ పంచిపెట్టి మనం ఊరుకున్నాము. ఈ పంపకంలో అసలు ప్రశ్న ఎవరి వాటాకూ రాకుండా పోయింది. పుల్లరి చెల్లించమన్న రైతుల పక్షాన నిలబడి జైలుకు వెళ్ళిన వకీలు, ఆ జైలులో కూర్చుని రైతు మీద కూలివాని ఫిర్యాదును ఎందుకు వ్రాశాడు?

ముందు అడవి సంగతి చూద్దాము. నాగార్జునసాగరుకు 1955లో శంకుస్థాపన జరిగింది, కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. అంతకు ముందరి పలనాడు వానను నమ్ముకున్న మెట్ట. జొన్న పండితే తిండి. పండకపోతే ఆదుకునేవి గొడ్లు. గొడ్లకు మేత అడవి. 1882 నాటి మద్రాసు అటవీచట్టం ఆ అడవికి హద్దురాళ్ళు పాతింది. తాతల నాటినుంచి ఊరికే మేసిన గొడ్డు ఇప్పుడు పుల్లరి కట్టి మేయాలి. హద్దు దాటితే బందెలదొడ్డి. విడిపించుకోవడానికి జరిమానా, దానిమీద జవానుకు మామూలు. సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చేసరికి పలనాటి గ్రామాలు అడవి ఉద్యోగులను వెలివేశాయి: వారికి బియ్యం అమ్మరాదు, పాలు పోయరాదు, చాకలి మంగలి పోరాదు. ఈ కల్లోలాన్ని చూడటానికి గుంటూరు కాంగ్రెసువారు ఉన్నవనూ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులనూ పంపించారు. ప్రభుత్వం జామీను కోరింది. వారు ఇవ్వక జైలుకు పోయారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు ప్రాణాలు విడిచాడు. చౌరీచౌరా తరువాత గాంధీగారు ఉద్యమాన్ని ఆపినది కూడా ఆ నెలలోనే.

ఇందులో ఒక విషయాన్ని మన జాతీయోద్యమ చరిత్రకారులు గర్వంగా చెప్పి దాటిపోతారు. నేను అక్కడ ఆగదలచుకున్నాను. చాకలి పోరాదు, మంగలి పోరాదు అని కట్టడి చేయగలిగినది ఎవరు? ఊరి పెద్ద రైతులు. వెలి అనే ఆయుధం వారి చేతిలో ముందునుంచీ ఉన్నదే. దాన్ని ఒకసారి సర్కారు మీద తిప్పారు, మంచి పనే చేశారు. కాని ఆయుధం ఎవరి చేతిలో ఉన్నదో మరచిపోరాదు. 1991లో ఈ పాత గుంటూరు జిల్లాలోనే, చుండూరులో, దళితులను ముందు వెలివేశారు, ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. అక్కడ వెలి ఏ హద్దురాళ్ళకూ ఎదురుగా పెట్టినది కాదు.

రాయవెల్లూరు జైలులో ఉన్నవ ఈ సంగతి గ్రహించాడని నేను నమ్ముతున్నాను. లేకపోతే ‘మాలపల్లి’ అట్లా ఉండదు. అడవిశాఖ దుర్మార్గం మీద నవల వ్రాసి ఉంటే దేశమంతా చప్పట్లు కొట్టేది. ఆయన వ్రాసింది మంగళాపురం మాలపల్లిలోని రామదాసు కుటుంబం కథ. మోతుబరి చౌదరయ్య పరాయి దొర కాడు; పుల్లరి కట్టమంటే అతడూ తిట్టుకునేవాడే. తగాదా కూలి దగ్గర. అతని పాలేరు, రామదాసు కొడుకు సంగదాసు, కూలీలను కూడగడతాడు. చౌదరయ్య కొట్టిన దెబ్బకు చనిపోతాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసుకు ప్రాణస్నేహితుడు కావడం కథకు కొంత తియ్యదనం తెచ్చిందిగాని, దెబ్బను తేలిక చేయలేదు. అన్న వెంకటదాసు న్యాయం దొరకదని తేల్చుకుని, ఉన్నవాని దగ్గర గుంజి లేనివానికి పెట్టే దారి పడతాడు; జైలులో చనిపోతాడు. ఒకే ఇంటిలో సంఘం, తిరుగుబాటు, తండ్రి వేదాంతం మూడూ కూర్చుని వాదించుకుంటాయి.

ఈ చూపు ఆయనకు ఒక్కసారిగా వచ్చినది కాదు. 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టాడు. వీరేశలింగం దారిలో గుంటూరులో వితంతు శరణాలయం పెట్టాడు. 1913లో బారిస్టరు చదువుకు డబ్లిన్ వెళ్ళాడు. సంఘం వదలని కార్మికులు ఇరవై వేలమందిని డబ్లిన్ యజమానులు పనిలోనుంచి గెంటినది ఆ సంవత్సరమే. తిరిగివచ్చిన తరువాత రష్యా విప్లవపు వార్తలు. 1922లో భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి శారదానికేతనం. 1958లో మరణించేవరకూ ఆయన కాంగ్రెసువాదే, ఉప్పు సత్యాగ్రహంలోనూ క్విట్ ఇండియాలోనూ జైలుకు పోయినవాడే. ఆయన్ను కమ్యూనిస్టుగా చూపాలనే ఉబలాటం మనలో కొందరికి ఉన్నది, అవసరం లేదు.

నవలాకారుడు ఈ పని చేయడం మన దేశానికే పరిమితం కాదు. స్పెయిన్‌లో మిగుయెల్ దెలీబెస్ (1920–2010) వల్యదోలీద్‌లో పత్రికా సంపాదకుడుగా ఉండి కస్తీలియా పల్లెల దైన్యాన్ని పత్రికలో వ్రాయబోతే ఫ్రాంకో సెన్సారు అడ్డుపడింది. పత్రిక చెప్పలేనిదాన్ని 1962లో ‘ఎలుకలు’ అనే నవలగా చెప్పాడు. గుహలో ఉంటూ ఏటి ఎలుకలను పట్టి అమ్ముకుని బ్రతికే మనిషి, అతని దగ్గర పెరిగే పిల్లవాడు, ఆ గుహను ఖాళీ చేయించాలని చూసే అధికారులు. ఉన్నవ పలనాటి విచారణ కూడా జైలుతో ఆగిపోయినదే. ఒక తేడా మాత్రం ఉన్నది: దెలీబెస్ పల్లె నోరులేనిది, ఉన్నవ పల్లె వాదిస్తుంది, పాడుతుంది, కోర్టులో నిలబడి న్యాయమూర్తికి న్యాయం చెబుతుంది. గ్రాంథిక వ్యావహారిక వివాదం ఇంకా తేలని రోజులలో గుంటూరు సీమ వాడుకమాటను అంత నిబ్బరంగా వాడకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

పుస్తకం 1922లో అచ్చయింది. 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసివేసి రానిచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెడితే 1936లో మళ్ళీ నిషేధం. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక ఎత్తివేత. హరిజనోద్ధరణ నవల అని మన విమర్శకులు పెట్టిన పేరే నిజమైతే ఇంత బెదురు ఎందుకు? దొరతనంవారికి అందులో బోల్షెవిజం వాసన తగిలింది. పోలీసువాడు మన పండితులకన్న శ్రద్ధగా చదివాడన్నమాట.

లోపాలు లేవని నేను అనను. రామదాసు వేదాంతం చాలాచోట్ల కథకు అడ్డం కూర్చుంటుంది. చివరకు అతడు అన్నీ వదిలి తపస్సుకు పోవడం నాకు మింగుడుపడదు. అయితే ఆ వేదాంతం గాలిలోనుంచి ఊడిపడలేదు. పలనాటిలో బ్రహ్మనాయుడి చాపకూడు కథ ఇంకా బ్రతికి ఉన్నది. అతని పక్కన పోరాడిన మాల వీరుడు కన్నమదాసును కారెంపూడిలో ఈనాటికీ తలుచుకుంటారు. సంగదాసు, వెంకటదాసు అనే పేర్ల చివరి ‘దాసు’ ఆ వైష్ణవపు జాడే. పలనాటి కథ మీద ‘నాయకురాలు’ నాటకం వ్రాసిన ఉన్నవకు ఇది తెలియనిది కాదు. చాపకూడు ఒక పూట తిండి పంచింది, పొలం పంచలేదు. నవల పొలం దగ్గరికి వచ్చి, సంగదాసు శవం దగ్గర ఆగి, మళ్ళీ భక్తి వైపు తిరుగుతుంది.

డిగ్రీ తరగతిలో ఈ నవల చెప్పేటప్పుడు పరీక్ష ప్రశ్న ఎప్పుడూ ఒకటే: సంగదాసు పాత్రచిత్రణ. నా విద్యార్థులలో సగంమంది సాగరు కుడికాలువ కింద మిరప కోతలకు, పత్తి తీతలకు పోయే ఇళ్ళ పిల్లలు. కూలి తగాదా దగ్గరికి రాగానే వెనక బెంచీనుంచి ఒక అమ్మాయి లేచి, “అప్పుడు రోజుకు ఎంత ఇచ్చేవాళ్ళు సార్?” అని అడిగింది. పాఠం పక్కన పెట్టి ఆ గంటంతా దాని మీదే మాట్లాడుకున్నాము.