కెరటము దాటు పడవ

చీపురుపల్లి సముద్రము కనబడని ఊరు. అయినను కోనాడ, చింతపల్లి ఇసుక ఒడ్డులకు పోయినవారికి అక్కడి మొదటి కష్టము తెలియును. చేప దొరకుట తరువాతి మాట; ముందు ఒడ్డుననే లేచి విరుగు కెరటముల వరుసలను పడవ దాటవలెను.

ఓడలు కళింగపట్టణము, భీమునిపట్టణముల ఎదుట దూరముగా లంగరు వేసిన కాలమున సరకును ఒడ్డునకు చేర్చినది మసూలా పడవ. మేకులు లేక, పలకలను కొబ్బరి త్రాటితో కుట్టిన ఆ పడవ కెరటపు దెబ్బకు పగులక వంగెడిది. తండేలు వెనుక నిలిచి పొడుగు తెడ్డుతో దానిని తిన్నగా నిలిపెడివాడు. పడవ అడ్డము తిరిగెనా, తరువాతి కెరటమే దానిని బోర్లించును.

మర వచ్చిన పిదప ఈ కష్టము రూపు మారినది. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనుక తగిలించు ఇంజనును అమ్మకమునకు తెచ్చెను. 1959లో స్వీడను దేశపు వోల్వో పెంటా సంస్థ ఇంజనును పడవలోపల ఉంచి, ప్రొపెల్లరు గల కాలును మాత్రము వెలుపల అమర్చినది. ఆ కాలును పైకెత్తవచ్చును, వంపును మార్చవచ్చును. దానిని పడవవైపు లోనికి వంచినచో ముందుభాగము దిగి, ఎదురు వచ్చు చిన్న అలలను కోసికొని పోవును. వెలుపలికి వంచినచో ముందుభాగము లేచును. వెనుకనుండి అలలు తరుముచున్నప్పుడు అది నీట గ్రుచ్చుకొనకుండ కాపాడును. మరీ వెలుపలికి వంచిరా, ప్రొపెల్లరు గాలిని పీల్చి వృథాగా తిరుగును, పడవ ఎగిరెగిరి పడును.

ఇది వేగముగా పోవు విహారపు పడవలకు చెప్పిన పాఠము. ఆ పుస్తకములు వ్రాసినవారు మన కెరటములను చూచి వ్రాయలేదని మా అభిప్రాయము. బరువుగా, మెల్లగా కదలు చేపల పడవకు వంపుకంటె బరువు సర్దుటయే ముఖ్యము: ఒడ్డునకు వచ్చునప్పుడు వలను, చేపను ముందువైపు పోగుచేయరాదు. అంతకంటె ముఖ్యము ప్రొపెల్లరును ఎత్తగలుగుట. అడుగున స్థిరముగా బిగించిన ప్రొపెల్లరు ఇసుకకు తగిలి విరిగినచో, మర ఆగిన పడవ కెరటముల నడుమ అడ్డముగా నిలిచిపోవును. అందున్నవారి ప్రాణములు ఆ క్షణముపై వ్రేలాడును.

1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమము వారు ఈ చిక్కునే పట్టుకొనిరి. ఇంజను, ఇరుసు, ప్రొపెల్లరు ఒకే కట్టుగా త్రాసుకొయ్యవలె వంగునట్లు అమర్చి, లోతున దించి, తీరమున ఎత్తు ఏర్పాటు చేసిరి. అటువంటి తీరపు పడవలను కాకినాడ చెంతనున్న ఉప్పాడ ఒడ్డున పరీక్షించిరి.

పిమ్మట ఫైబరు తెప్పలు వచ్చినవి. వాటి వెనుక పొడుగు కడ్డీ చివర ప్రొపెల్లరు ఉండును. ఇటు పిడిని క్రిందికి నొక్కినచో అటు ప్రొపెల్లరు నీటిపైకి లేచును. ఒడ్డు సమీపింపగా తెప్పను నడుపువాడు వెనుకకు చూచుచు, పెద్ద కెరటమును ముందు పోనిచ్చి, దాని వీపున నిలిచి వచ్చి, ఇసుక తగులుటకు ముందు పిడి నొక్కును.